ఫోను తెర మీద సంకల్పవాక్యం: రాసుకునే పద్ధతి, నిలుపుకునే పద్ధతి

మా బావగారిది భీమవరం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల రొయ్యల చెరువు ఆయన జీవనాధారం. రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో వాళ్లింట్లో ఉన్నప్పుడు, తెల్లవారుజామున మూడున్నరకు ఆయన మంచం మీద నుంచే ఫోను అందుకోవడం చూశాను. తెల్లవారబోయే ముందు చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది, అందుకని ఆ గంట రైతుకు నిద్ర పట్టదు. వెలిగిన తెర మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఉంది, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో "నేను విజేతను, సంపద నా వైపు ప్రవహిస్తోంది" అని ఉంది. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. వాట్సాప్ గుంపులో ఎవరో పెట్టిన కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు చదివి, పక్క ఊరి చెరువులో తెల్లమచ్చ వ్యాధి వచ్చిందన్న కబురు విని, గట్టు మీదకు వెళ్లకముందే దిగాలుపడిపోయారు.

ఆ వాక్యం ఎవరో ఎవరికోసమో రాసినది, ఎవరో పంపితే వచ్చి అక్కడ కూర్చున్నది. నేను ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. కొన్నేళ్లుగా విద్యార్థులతోనూ ఇంట్లోవాళ్లతోనూ కలిసి ఇటువంటి వాక్యాలు రాసి, ఫోన్లలో పెట్టి, కొన్ని పనికిరావడమూ కొన్ని పనికిరాకపోవడమూ చూసిన మీదట నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. తెర మీద మాట మీరు నమ్మగలిగినంత చిన్నదిగా, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో, మీరు ఫోను అందుకునే ఒకానొక క్షణానికి సరిపోయేటట్టు ఉండాలి, దాని చివర మీ చేతిలో ఉన్న పని ఒకటి ఉండాలి.

అందరూ అఫర్మేషన్ అంటున్న, మనకు మనం చెప్పుకునే మంచి మాటను నేను ఇక్కడ సంకల్పవాక్యం అంటున్నాను. దీనికి కారణం ఉంది. ఇంట్లో వ్రతం చేసుకునేటప్పుడు పురోహితుడు చెప్పించే సంకల్పాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. కృష్ణా గోదావరుల మధ్య దేశంలో అంటూ చోటు చెప్పిస్తారు, సంవత్సరం, మాసం, తిథి, వారం చెప్పిస్తారు, గోత్రమూ పేరూ చెప్పిస్తారు, ఆ తర్వాతే చేయబోయే పని చెప్పిస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం చేయబోతున్నారు అన్న నాలుగూ లేకుండా మన పెద్దలు సంకల్పం చెప్పుకోలేదు. ఫోను తెర మీది మంచి మాటల్లో చాలావాటికి ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

మొదటి అడుగు: మూడు రోజులు గమనించడం

వాక్యం రాయడానికి తొందరపడకండి. పాత క్యాలెండరు కాగితం ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, మూడు రోజుల పాటు ఫోను అందుకున్న ప్రతిసారీ కాకపోయినా, మనసు కలతపడిన ప్రతిసారీ ఒక్క ముక్క రాయండి. ఏ వేళ, ఎక్కడ, తెర వెలిగించే ముందు లోపల ఏమనుకున్నారు అన్నవి చాలు. "పొద్దున్న ఆరు, మంచం మీద, ఇవాళ కూడా ఆలస్యమే" అన్నంత పొట్టిగా ఉండవచ్చు.

రోజుకు ఎన్నిసార్లు తెర తెరుస్తున్నారో తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే భాగంలోనూ, ఐఫోనులో స్క్రీన్ టైమ్ అనే భాగంలోనూ లెక్క కనిపిస్తుంది. ఆ అంకె చూసి కంగారు పడనక్కరలేదు. అన్నిసార్లు మీ కళ్ల ముందుకు వచ్చే చోటు మరొకటి మీ ఇంట్లో లేదని తెలుసుకోవడానికే ఆ లెక్క.

మూడో రోజు సాయంత్రం ఆ కాగితం చదివితే ఒకే మాట రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. మా విద్యార్థుల్లో ఎక్కువమందికి అది రాత్రి తొమ్మిది ప్రాంతంలో పుస్తకం తెరిచే ముందు వస్తుంది. నరసాపురం వైపు ఉండే మా పిన్ని లేసు అల్లుతుంది. ఆవిడకు అది మధ్యాహ్నం, క్రోషే సూది చేతిలో ఉండగా ఫోను మోగినప్పుడు వస్తుందట. మీకు దొరికిన ఆ ఒక్క క్షణాన్నే తీసుకోండి, మిగతావి పక్కన పెట్టండి.

రెండో అడుగు: వాక్యం రాయడం

అసలు పని ఇక్కడే ఉంది కనుక ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం.

ఇటువంటి మాటలను పదేపదే అనుకోవడాన్ని ఒక పద్ధతిగా ప్రచారం చేసినవారిలో ఫ్రాన్సు దేశపు ఔషధ నిపుణుడు ఎమిల్ కూయే (1857–1926) ముఖ్యుడు. రోజురోజుకీ అన్ని విధాలా నేను మెరుగవుతున్నాను అనే అర్థం వచ్చే మాటను పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు ఇరవయ్యేసి సార్లు అనుకోమనీ, లెక్క తప్పకుండా ఇరవై ముళ్లు వేసిన తాడు పెట్టుకోమనీ ఆయన చెప్పేవాడు. జపమాల తిప్పే మనకు అందులో వింతేమీ కనిపించదు. అయితే ఆ మాట అందరికీ ఒకే రకంగా పనిచేయదని తర్వాతి పరిశోధనలు చూపాయి. కెనడాలో జోవాన్ వుడ్, మరి ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు "నేను ప్రేమకు అర్హమైన మనిషిని" అనే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అనుకున్నప్పుడు, అనుకోనివారికంటే వారి మనసు మరింత కుంగింది. ఆత్మగౌరవం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం కొద్దిగా మేలు కలిగింది. అంటే మందు ఎవరికి అవసరమో వారికే అది వికటించింది. నమ్మలేని మాట చదివినప్పుడు లోపలి నుంచి "అదేం కాదు" అని ఎదురుమాట వస్తుంది, రోజుకు యాభైసార్లు తెర వెలిగితే యాభైసార్లూ ఆ ఎదురుమాటే బలపడుతుంది.

అందుకని మా ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకున్నాం. మా కోనసీమలో అవును అనడానికి "ఆయ్" అంటారని మీకు తెలిసే ఉంటుంది. రాసిన వాక్యాన్ని గొంతెత్తి ఒకసారి చదవండి. మీ మనసు "ఆయ్" అంటే ఉంచండి. "అబ్బో" అంటే ఒక మెట్టు దించండి. "నేను లెక్కల్లో మేటిని" అన్నదానికి అబ్బో అనిపిస్తే "లెక్కలు నాకు వస్తాయి" అని దించండి, దానికీ అనిపిస్తే "నిన్న రాని లెక్క ఒకటి ఇవాళ వచ్చింది" దాకా దించండి. నేలకు తగిలేదాకా దించినా నామోషీ ఏమీ లేదు, పైకి ఎక్కడానికి తర్వాత వారాలు ఉన్నాయి.

తరువాతది భాష. ఇంటర్నెట్‌లో దొరికే వాక్యాల్లో చాలా భాగం ఇంగ్లీషు నుంచి దించినవే కావడం వల్ల "నేను ఆత్మవిశ్వాసంతో నిండి ఉన్నాను" వంటివి వస్తాయి. మీ ఊళ్లో ఎవరైనా ఎవరితోనైనా ఆ మాట అనగా మీరు విన్నారా? ఇంగ్లీషులో ఈ వాక్యాలను వర్తమానకాలంలోనే రాయమని చెబుతారు, రేపు చేస్తానంటే పని వాయిదా పడుతుందని వారి భయం. తెలుగు క్రియకు ఆ ఇబ్బంది లేదు. "చదువుతాను" అంటే రోజూ చదివే అలవాటు ఉందనీ అర్థమే, ఇకముందు చదువుతాననీ అర్థమే. పైగా క్రియ చివర "ను" ఉండగా "నేను" అని విడిగా రాయనక్కరలేదు కనుక చిన్న తెర మీద ఒక మాట చోటు మిగులుతుంది.

"భయపడను", "కోపం తెచ్చుకోను" వంటి వ్యతిరేక రూపాలు నేను వద్దంటాను. తెర వెలిగిన క్షణంలో కంటికి ముందుగా తగిలేది భయం, కోపం అన్న మాటలే, చివరన ఉన్న వ్యతిరేకం కాదు. దానికి బదులు ఆ వేళ మీరు చేయగల పని రాయండి. కోపం వచ్చినప్పుడు ఫోను అందుకునే అలవాటున్నవారికి "ముందు మంచినీళ్లు తాగుతాను, తర్వాత జవాబు రాస్తాను" అన్నది సరిపోతుంది.

మిమ్మల్ని మీరు పిలుచుకోవడం ఇంకొక మార్గం. మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురి ముందు మాట్లాడవలసి వచ్చినప్పుడు "నేను" అనుకున్నవారికంటే తమ పేరుతోనో "నువ్వు" అనో తమతో తాము మాట్లాడుకున్నవారు తక్కువ ఆందోళన పడ్డారు, మాట్లాడడమూ బాగా మాట్లాడారు. తెలుగులో ఇది మరీ సులువు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ మనల్ని దగ్గరగా పిలిచే పిలుపు ఒకటి ఉంటుంది. మా తరగతిలో ఒక అమ్మాయి పరీక్షల నెలలో తన తెర మీద "కంగారు లేదమ్మడూ, ముందు వచ్చినవి రాయి" అని పెట్టుకుంది. ఆ "అమ్మడూ" వాళ్ల నాయనమ్మ పిలుపు. అది చదివినప్పుడల్లా నాయనమ్మ గొంతులోనే వినిపించేదని చెప్పింది.

ప్రశ్నగా రాయడం కూడా ప్రయత్నించదగినదే. 2010లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో "చేస్తాను" అని రాసినవారికంటే "చేస్తానా?" అని రాసినవారు ఆ తర్వాత ఇచ్చిన పదాల చిక్కుముడులు ఎక్కువ విప్పారు. ఇది అందరికీ వర్తిస్తుందని నేను అనను. అయితే "చదవగలను" అంటే అబ్బో అనే మనసు "ఈ పూట ఒక్క పాఠం చదవగలనా?" అని అడిగితే మొండికేయకుండా ఆలోచించడం నేను చాలామందిలో చూశాను.

ఇక చివరన ఉండవలసినది పని. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్సర్ 1999లో రాసిన ఒక వ్యాసంలో, ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను అని ముందే జతకట్టుకున్నవారు ఉత్త లక్ష్యం పెట్టుకున్నవారికంటే అనుకున్నది ఎక్కువగా చేయగలుగుతారని వివరించాడు. ఈ జత కట్టడానికి తెలుగులో "గానే" అన్న చిన్న ముక్క ఉంది. "కంచం తీయగానే పుస్తకం తీస్తాను", "బస్సెక్కగానే అమ్మకు ఫోను చేస్తాను" వంటి వాక్యాల్లో వేళా పనీ రెండూ ఇమిడిపోతాయి.

గోదావరికి వరద వచ్చే రోజుల కోసం రాసుకున్న వాక్యం ఒకటి చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారని గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొదటి హెచ్చరిక వెలువడిన దగ్గర నుంచి ఫోన్లు చేతిలోనే ఉంటాయి. నిరుటి వీడియోలు, ఇంకెక్కడిదో గండి పడిన బొమ్మ, అన్నీ ఆ రాత్రే వస్తాయి. లంకలో ఉండే మా విద్యార్థి ఒకడు అటువంటి రాత్రి కోసం "గంటకోసారి మట్టం చూస్తాను, మిగతా గంట సర్దుతాను" అని రాసుకున్నాడు. సర్దడమంటే రేషన్ కార్డు, పాసు పుస్తకాలు, సర్టిఫికెట్లు పాలిథిన్ సంచిలో చుట్టడం, పశువులను ఏటిగట్టు మీదకు తోలడం. ధైర్యం అన్న మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఖాళీ చేయమని అధికారులు చెబితే ఏ వాక్యమూ చూడకుండా కదలాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

చేయడానికి పని ఏదీ లేని వేళలు కూడా ఉంటాయి, ఫలితాల కోసం ఎదురుచూడడం వంటివి. అప్పుడు మీకు విలువైనదేమిటో రాయండి. మనస్తత్వ శాస్త్రవేత్త క్లాడ్ స్టీల్ 1988లో ప్రతిపాదించిన స్వీయధ్రువీకరణ సిద్ధాంతానికి ఆధారం మనిషి తన గొప్ప చెప్పుకోవడం కాదు. ఒకచోట దెబ్బ తగిలినప్పుడు తన జీవితంలో విలువైన మరొక దానిని గుర్తుచేసుకుంటే మనిషి నిలదొక్కుకుంటాడన్నది దాని సారం. "మా చెల్లికి లెక్కలు చెప్పేది నేనే" అని రాసుకున్న కుర్రవాడికి ఆ వాక్యానికీ తన ఎంసెట్ ర్యాంకుకూ సంబంధం లేదని తెలుసు, ఆ సంబంధం లేకపోవడమే అతనికి ఊపిరి ఇచ్చింది.

మూడో అడుగు: వాక్యాన్ని చిత్రంగా మార్చడం

ఆరేడు మాటలు దాటితే తెర మీద చదవరు. అంతకంటే పొడుగ్గా వచ్చినది నోటుబుక్కులో ఉంచుకుని, అందులోని గట్టి ముక్క ఒకటి తెరకు ఎక్కించండి.

అన్నిటికంటే మంచిది మీ చేతిరాత. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి, పగటిపూట కిటికీ దగ్గర నీడ పడకుండా ఫోటో తీసి, అంచులు కత్తిరిస్తే చాలు. అలంకారాల కోసం యాప్ వెతికే సాయంత్రమంతా మిగులుతుంది, పైగా మీ రాత చూస్తే అది మీరు రాసిన మాటే అని కంటికి తెలుస్తుంది.

టైపు చేయాలనుకుంటే ఒక జాగ్రత్త తీసుకోండి. బొమ్మల మీద అక్షరాలు రాసే కొన్ని యాప్‌లు తెలుగు ఒత్తులను విడగొట్టేస్తాయి, "ప్రశ్న" అన్న మాట ముక్కలు ముక్కలై పొల్లులతో కనిపిస్తుంది. మరికొన్నింటిలో వరుసల మధ్య చోటు తక్కువై, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. వరుసల మధ్య ఎడం పెంచండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఖతుల్లో మండలి, మల్లన్న తేలికగా చదవగలిగేవి, దూరం నుంచి కనబడాలంటే లావుపాటి రామభద్ర బాగుంటుంది. సమాసాన్ని మధ్యలో విరిచి రెండో వరుసకు పంపకండి.

వెనక చిత్రం సాదాగా ఉండాలి. వరిచేను, కాలువ, కొబ్బరి తోట అని మనకు మక్కువ ఎక్కువే కానీ, కొబ్బరి ఆకుల మీద రాసిన అక్షరం ఆకుల్లోనే కలిసిపోతుంది. ఆ చిత్రమే కావాలంటే పైన ఆకాశం ఎక్కువగా వచ్చేటట్టు తీసి, ఆ ఖాళీలో రాయండి. చెరువు గట్టు మీద, చేలో, ఎండలో ఫోను చూసేవారికి లేత రంగు నేల మీద ముదురు అక్షరమే కనబడుతుందని నా అనుభవం. రాత్రిపూట చూసేవారికి నల్లని నేల మీద లేత అక్షరం కంటికి హాయి.

తెర పైభాగంలో గడియారం ఉంటుంది, కింది అంచున వేలిముద్ర గుర్తో కెమెరా గుర్తో ఉంటుంది. మీ వాక్యం ఈ రెంటికీ నడుమ పడాలి. ఒకసారి పెట్టి చూసి, గడియారం కింద "ముందు" అన్న మాట నలిగిపోతుంటే చిత్రాన్ని కిందికి జరపండి.

నాలుగో అడుగు: సరైన చోట పెట్టడం

ఆండ్రాయిడ్ ఫోనులో ముఖ్య తెర మీద ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే వాల్‌పేపర్ మార్చే దారి కనిపిస్తుంది. అక్కడ లాక్ స్క్రీన్‌కు మాత్రమే పెట్టే వీలుంటుంది, దానినే ఎంచుకోండి, ఎందుకంటే లోపలి తెర మీద యాప్‌ల గుర్తులు వాక్యాన్ని కప్పేస్తాయి. చాలా ఫోన్లలో బొమ్మ లేకుండానే లాక్ స్క్రీన్ మీద ఒక వరుస రాసుకునే ఏర్పాటు కూడా ఉంది. సెట్టింగుల్లో డిస్‌ప్లే కిందనో లాక్ స్క్రీన్ కిందనో వెతకండి, కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఐఫోనులో లాక్ స్క్రీన్ మీదే వేలు నొక్కి పట్టి కూడిక గుర్తు తాకితే కొత్త తెర తయారుచేసుకోవచ్చు, 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి కొన్ని ఫోటోలు వంతులవారీగా మారేటట్టు పెట్టుకునే వీలు కూడా వచ్చింది. విండోస్ కంప్యూటరులో సెట్టింగుల్లో పర్సనలైజేషన్ కింద లాక్ స్క్రీన్ ఉంటుంది.

చాలామంది పట్టించుకోని చోటు అలారం. అలారానికి పేరు పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది, అది మోగినప్పుడు ఆ పేరు తెర మీద కనిపిస్తుంది. సంకల్పవాక్యానికి వేళ ముఖ్యమని పైన అనుకున్నాం కదా, ఆ వేళకే వచ్చి పలకరించేది అలారం ఒక్కటే. ఆ వీలున్న కీప్యాడ్ ఫోను వాడే పెద్దవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

లాక్ స్క్రీన్ అంటే వీధి అరుగు లాంటిది, దారిన పోయేవారందరూ చదువుతారు. మా బంధువుల పెళ్లిలో భోజనాల బల్ల మీద పెట్టిన ఒక అమ్మాయి ఫోను వెలిగితే, దాని మీద ఉన్న "నేను అందంగా ఉంటాను" అన్న వాక్యాన్ని పక్కనున్న పెద్దావిడ గట్టిగా చదివి, "ఎవరు కాదన్నారే?" అని అడిగింది. పంక్తి అంతా నవ్వింది. ఆ అమ్మాయి ఆ రాత్రే దానిని తీసేసింది. మనసుకు దగ్గరి మాట అయితే మీకు మాత్రమే అర్థమయ్యే ఒక ముక్క రాసుకోండి. "రెండో బెంచీ" అని రాసుకున్న ఒక విద్యార్థికి దాని వెనక ఏముందో నేను ఇప్పటిదాకా అడగలేదు.

ఐదో అడుగు: చదవడం

తెర వెలిగాక, తాళం తీయకముందు, ఒక్క ఊపిరి వదిలేటంత సేపు ఆ వాక్యాన్ని చూడండి. అంతకంటే ఏమీ లేదు. వాక్యంలో పని ఉంటే ఆ పని చేసి తర్వాత తాళం తీయండి. పని ముగిసేదాకా ఫోను తెరవకుండా ఉండడమే మీకు దొరికే లాభంలో సగం. మా పిన్ని తెర మీద "ఈ పువ్వు అయ్యాక చూస్తాను" అని ఉంటుంది. లేసులో ఒక పువ్వు అల్లడం మధ్యలో వదిలితే కుట్ల లెక్క తప్పుతుంది, మళ్లీ విప్పుకోవాలి, అందుకని ఆ మాటకు ఆవిడ దగ్గర మంచి విలువే ఉంది.

వాక్యం మీద సందేశాల పట్టీలు వచ్చి పడుతుంటే, నోటిఫికేషన్ల సెట్టింగులకు వెళ్లి లాక్ స్క్రీన్ మీద సందేశం లోపలి మాటలు కనబడకుండా చేయండి. ఇది చేయకపోతే మిగతా శ్రమంతా వృథా అని చెప్పడానికి నేను వెనుకాడను.

ఎక్కడ ఆపాలి

వారం రోజులు చదివినా, చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంటే ఆ వాక్యాన్ని తీసేయండి, లోపం మీలో ఉందనుకోకండి. అప్పు వాయిదాను, పడిపోయిన రొయ్య ధరను, ఇంట్లో ఉన్న జబ్బును తెర మీది మాట తీర్చదు. తీరుస్తుందని ఎవరైనా డబ్బు తీసుకుని కోర్సు అమ్మితే నమ్మకండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోయి, దేని మీదా ఇష్టం లేకుండా పోతే, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వైద్యుడి దగ్గరకు వెళ్లవలసిన వేళ అది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాక్యం పక్కన ఆ అంకె కూడా రాసి పెట్టుకున్నవారు మా కళాశాలలో ఉన్నారు.

చివరి అడుగు: మార్చడం, తీయడం

బడి గోడ మీద నల్లరంగుతో రాసిన సూక్తిని పదేళ్లు దాని కిందే నడిచిన పిల్లవాడు చెప్పలేడు. రోజూ ఒకేచోట ఉన్నదానిని కన్ను వదిలేస్తుంది. అందుకని ఆదివారం పూట ఫోను పక్కన పెట్టి, తెర మీది వాక్యాన్ని చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. మాట మాటా చెప్పగలిగి, గత వారంలో దాని వల్ల ఒక్కసారైనా ఏదో చేసి ఉంటే మరో వారం ఉంచండి. చెప్పలేకపోతే అది కనబడడం మానేసిందని అర్థం, వెనక రంగు మార్చండి, చోటు మార్చండి, లేదా మాటే మార్చండి. మాట నోటికి వచ్చి పని మాత్రం జరగకపోతే, అది బహుశా ఒక మెట్టు ఎక్కువ ఎత్తులో ఉంది, మళ్లీ ఆయ్ పరీక్ష పెట్టండి.

సార్వాకు (తొలి పంటకు) ఒకటి, దాళ్వాకు (రెండో పంటకు) ఒకటి అని పెట్టుకునే రైతులు నాకు తెలుసు. ఊడ్పుల నాటి తొందరకు రాసిన మాట కోతల నాటి ఎదురుచూపుకు కుదరదు. తీసేసిన వాక్యాలను పారేయకుండా తేదీ వేసి ఒక పుస్తకంలో రాసి ఉంచండి, ఏడాది తిరిగేసరికి అదే రుతువు మళ్లీ వస్తుంది.

పని అలవాటైపోయాక వాక్యం అక్కరలేదు, దాని చోట మీకు నచ్చిన ఫోటో పెట్టుకోవచ్చు. మా బావగారు ఆ వేసవిలో బంగారు అక్షరాల విజేతను తీసేసి, తెల్ల కాగితం మీద తన రాతతో "ముందు ట్రే, తర్వాతే ధర" అని రాసి పెట్టుకున్నారు. చెక్ ట్రే పైకి ఎత్తి, మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఉందా అని తన కళ్లతో చూశాక గానీ గుంపులోని కబుర్లు చదవకూడదన్నది దాని అర్థం. మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి ఆ తెర మీద మనవరాలి ఫోటో ఉంది. మూడున్నరకు లేచారు, టార్చి కోసం ఫోను వెలిగించారు, దానిని పట్టుకుని గట్టు మీదకు నడిచారు. చెరువులో కొత్తగా సీడు (రొయ్య పిల్లలు) వదిలిన నెలలో మాత్రం ఆ కాగితం బొమ్మ మళ్లీ పెట్టుకుంటారట.